తాండూరు రాతి కొట్టంలో మూడు వాద్యాలు

వికారాబాదుకు జనం సీతాఫలాల కోసం వెళ్తారు, గుట్ట మీది గాలి కోసం వెళ్తారు. తాండూరుకు నాపరాళ్ళ కోసం, కందిపప్పు కోసం వెళ్తారు. మేము సంగీతం కోసం వెళ్తున్నామంటే మా స్కూలు టీచర్లంతా నవ్వారు. "అక్కడ మీ ఫిడేలు ఎవరు వింటారే?" అంది నా గదిలో ఉండే డ్రిల్లు టీచరు. మా పాట వినిపించడానికి కాదు, అక్కడి వాళ్ళు కట్టిన వరసల్ని వాళ్ళకే వాయించి వినిపించడానికి వెళ్తున్నామని చెప్పాను. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వింది.

అది అరవై ఒకటో, అరవై రెండో. దసరా వెళ్ళిన వారం. నాకు ఇరవై ఆరేళ్ళు. కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి, ఒక ఆడపిల్లల స్కూల్లో సంగీతం టీచరుగా చేరి మూడేళ్ళయింది. ఆదివారాలు రాఘవరావు మాస్టారి ఇంట్లో ఫిడేలు వాయించేదాన్ని. మాస్టారిది బందరు. ఆయన దగ్గర చెల్లో ఉండేది. ఫిడేలుకు పెదనాన్నలా ఉంటుంది ఆ వాద్యం. నేల మీద నిలబెట్టి, కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించాలి. ఆయన పట్టుదల ఒకటే. సంగీతమంటే సభ, మైకు, మూడు గంటల కచేరీ మాత్రమే కాదు. ముగ్గురు నలుగురు ఒక గదిలో కూర్చుని, ఒకరి వాద్యాన్ని ఒకరు వింటూ వాయించుకునే సంగీతం కూడా మనకు ఉండాలి. అదీ ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళు, మన ఊళ్ళవాళ్ళు కట్టిందై ఉండాలి.

అందుకని తెలిసిన ఊళ్ళన్నిటికీ ఉత్తరాలు రాశారు. మీ దగ్గర వరసలు కట్టేవాళ్ళుంటే ఫిడేలుకు, క్లారినెట్‌కు, చెల్లోకు కలిపి ఏదైనా రాసి పంపమనండి, మేమే వచ్చి మీ ఊళ్ళో వాయిస్తాం అని. నెల తర్వాత మూడు జవాబులు వచ్చాయి, వరసల కాగితాలతో సహా. మూడూ ఒకే రైలు దారి మీద నుంచి. వికారాబాదు గుట్ట మీది క్షయ ఆసుపత్రి నుంచి ఒక నర్సు, ధారూరు స్టేషన్ నుంచి ఒక తంతి గుమాస్తా, తాండూరు నాపరాళ్ళ కొట్టం నుంచి లెక్కలు రాసే ఒక మునీము.

మా మూడోమనిషి యూసుఫ్ సాబ్. క్లారినెట్ ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నలభై దాటి ఉంటాయి. పాత సంస్థానం సైన్యం బ్యాండులో వాయించేవారట. నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ అయ్యాక ఆ సైన్యం పోయింది, దాంతో బ్యాండూ పోయింది. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో వాయిస్తూ, పాడైన వాద్యాలు బాగుచేస్తూ బతుకుతున్నారు. ఆయన పుట్టింది తాండూరులోనే. అయినా ప్రయాణం మాట ఎత్తగానే, "వికారాబాద్ దాక వస్త సార్. తాండూరుకు మీరే పోయి రాండ్రి," అన్నారు.

"క్లారినెట్ లేకుండా అక్కడ ఏం వాయిస్తామయ్యా?" అన్నారు మాస్టారు.

యూసుఫ్ సాబ్ తాండూరు కాగితాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "గిది ఎవరు పంపిన్రు?"

"బసప్ప అట. రాతి కొట్టంలో మునీము."

ఆయన కాగితాలు మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. మరునాడు వచ్చి, "వస్త," అని ఒక్క మాట అన్నారు.

గుట్ట మీద

నాంపల్లిలో పొద్దున ప్యాసింజరు ఎక్కాం. చెల్లో పెట్టెను కిటికీ పక్కన నిలబెడితే, ఎదురుగా కూర్చున్న రైతు దాన్ని కిందికీ పైకీ చూసి, "దీనికి టిక్కెట్ తీసిన్రా సారూ?" అని అడిగాడు. అడిగింది నిజంగానే. మాస్టారు లేదనేసరికి, శంకర్‌పల్లి దాకా టిక్కెట్ కలెక్టరు వస్తున్నాడేమోనని మాకన్నా ఎక్కువ ఆయనే చూశాడు.

వికారాబాదు స్టేషన్‌లో చాయ్ తాగాం. మా కాకినాడలో పొద్దున్నే కాఫీ పడకపోతే తల తిరుగుతుంది. ఇక్కడ చాయ్‌ని సాసరులో పోసుకుని ఊదుతూ తాగుతారు. నాకు చేతకాక సగం చీర మీద పోసుకున్నాను. "జర నిదానం బిడ్డా, చాయ్ యాడికి పోదు," అన్నాడు చాయ్ పోసిన ముసలాయన. మా వైపు కొత్త ఆడపిల్లను ఎంత చిన్నదైనా 'అండీ' అని పిలుస్తారు. ముక్కూ మొహం తెలియనివాడు నన్ను బిడ్డా అనడం అదే మొదలు. ఆ పిలుపు ఆ నిమిషంలో కొంచెం చివుక్కుమనిపించింది. ప్రయాణం ముగిసి స్కూలుకు వెళ్ళిన రోజు, చుట్టూ అందరూ "కమలగారూ" అంటుంటే ఏదో తగ్గినట్టు అనిపించింది.

టాంగా గుట్ట సగం దాకా వచ్చి ఆగింది. గుర్రం ఇక ఎక్కనంది. మాస్టారూ యూసుఫ్ సాబూ చెల్లోను చెరో వైపు పట్టుకున్నారు. నేను ఫిడేలూ సంచులూ పట్టుకున్నాను. దారికి రెండు వైపులా చెట్ల నిండా సీతాఫలాలు. గంప దించుకుని కూర్చున్న ఒకామె పెట్టెలో ఏముందని అడిగింది. పెద్ద ఫిడేలు అన్నాను. "గంత పెద్ద ఫిడేలా! గది రాక్షసులు వాయిస్తరా?" అంది. మాస్టారు ఆయాసపడుతూనే, "ఆ, నేనే," అన్నారు. ఆమె నవ్వి నాలుగు పండ్లు ఊరికే ఇచ్చింది. కాకినాడలో అలాంటి పండు అణాకు ఒకటి కూడా దొరకదు.

పండ్లు తినడానికి కూర్చోవడమే పొరపాటైంది. ఒక కోతి వచ్చి నా ఫిడేలు పెట్టెలోంచి కమానుకు రాసుకునే గుగ్గిలం బిళ్ళ ఎత్తుకుపోయింది. బెల్లం అనుకుంది కాబోలు. చెట్టు మీద కూర్చుని కొరికి, మొహం చిట్లించి, మా వంక ఒక చూపు చూసి లోయలోకి విసిరేసింది. గుగ్గిలం లేకపోతే కమాను తీగ మీద జారుతుంది తప్ప పలకదు. చివరికి మాస్టారు తన బిళ్ళను రాతితో రెండుగా పగలగొట్టి సగం నాకిచ్చారు.

ఆసుపత్రిలో నర్సు రత్నమ్మగారు మా కోసం మెట్ల మీదే నిలబడి ఉన్నారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గంజి పెట్టిన తెల్ల చీర, తక్కువ మాట. ఊరు కుల్కచర్ల. మిషను బడిలో కాలి హార్మోనియం నేర్చుకున్నారట. పొడుగాటి వరండాలో మంచాలన్నీ గాలి తగిలేలా బయటికి లాగి ఉన్నాయి. రోగులు గట్టిగా మాట్లాడకూడదు, నవ్వకూడదు, పాడకూడదు. మధ్యాహ్నం రెండు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ పడక ముగిశాక పావుగంట మాకిచ్చారు.

మొదలుపెట్టే ముందు మాస్టారు అడిగారు. "అమ్మా, మీ కాగితంలో ఇన్ని ఖాళీలున్నాయేమిటి? నాలుగు స్వరాలు, ఖాళీ. అయిదు స్వరాలు, ఖాళీ. బిగువు కోసం మేం కొన్ని తగ్గించుకున్నాం."

"తగ్గియ్యకుండ్రి సార్," అన్నారు రత్నమ్మగారు. "ఇక్కడ ఎవరన్న వచ్చి భజన చేస్తే, దగ్గొచ్చినోళ్ళు సిగ్గుపడి మొకం గోడ దిక్కు తిప్పుకుంటరు. ఆపుకొని ఆపుకొని కండ్లెంబడి నీళ్ళు తీస్తరు. వాళ్ళు దగ్గెతందుకే గా జాగ ఇడిసిపెట్టిన."

మాస్టారు పెన్సిలు తీసి తాము కొట్టేసిన ఖాళీలన్నీ మళ్ళీ రాసుకున్నారు.

వాయించాం. మొదటి ఖాళీలో ఎవరూ దగ్గలేదు. వరండా అంతా బిగపట్టుకుని ఉంది. రెండో ఖాళీలో చివరి మంచం మీది మనిషి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా మేం ఆగాం. మళ్ళీ చెల్లో అందుకుంది. తర్వాత ఇద్దరు, తర్వాత నలుగురు. అయిదో ఖాళీకి వాళ్ళకు సంగతి అర్థమైంది. ఎక్కడ దగ్గవచ్చో తెలిశాక సగం మందికి దగ్గే రాలేదు. పక్కగా పడుకున్న ఒక పిల్ల, పదహారేళ్ళుంటాయేమో, రత్నమ్మగారి కొంగు పట్టుకుని, "గిది నువ్వే కట్టినవా సిస్టరమ్మా? మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది?" అని అడిగింది. రత్నమ్మగారు ఏదో సర్దుతున్నట్టు దిండు కింద దుప్పటి లాగుతూ ఉండిపోయారు.

ఆ రాత్రి ఆసుపత్రి వాళ్ళ గదిలోనే పడుకుని, మరునాడు పొద్దున దిగి తాండూరు బండి ఎక్కాం.

ధారూరులో ఆగిన బండి

ధారూరులో బండి రెండు నిమిషాలే ఆగుతుంది. తంతి గుమాస్తా మల్లేశం డ్యూటీ వదిలి తాండూరు రాలేనని, కనీసం కిటికీ దగ్గర కనిపిస్తానని రాశాడు. ఆయనది పెద్దేముల్ వైపు గొర్రెల కాపరుల కుటుంబం. తండ్రి మందతోపాటు తిరుగుతూ పిల్లనగ్రోవి వాయించేవాడట. మల్లేశం నాలుగక్షరాలు చదువుకుని రైల్వేలో చేరాడు. ఆయన కట్టిన వరసలో ఫిడేలు టెలిగ్రాఫు మీటలా కట్ట కడ, కట్ట కడ అని కొడుతూ ఉంటే, దాని మీద క్లారినెట్ గొర్రెల కాపరి పిల్లనగ్రోవిలా తిరుగుతుంది. వినడానికి తేలికగా ఉంటుంది, వాయిస్తే వేళ్ళు పడిపోతాయి.

ఆ రోజు మా అదృష్టం. ఎదురుగా గూడ్సు బండి వస్తోంది, అది దాటిపోయేదాకా మాది కదలదు. మల్లేశం పరిగెత్తుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు. నల్లటి కుర్రవాడు, చెమటతో తడిసిన చొక్కా. చేతిలో మరో కాగితం.

"ఆఖరు రెండు లైన్లు మార్చిన సార్. మొదట రాసింది మంచిగ లేకుండె."

"గూడ్సు ఎంతసేపట్లో వస్తుంది?" అన్నారు మాస్టారు.

"పది నిమిషాలు పట్టొచ్చు సార్."

"అయితే ఇక్కడే విను."

పెట్టెలు తెరిచాం. చెల్లోకు చోటు కోసం ఒక కుటుంబం కుటుంబమే లేచి నిలబడింది. కిటికీ బయట మల్లేశం, ఆయన వెనక ప్లాట్‌ఫారం మీది జనం, లోపల సీట్ల మీద ఎక్కి నిలబడ్డవాళ్ళు. ఒకాయన ఒళ్ళో మేకపిల్ల ఉంది. క్లారినెట్ పైకి పోయినప్పుడల్లా అది అరిచింది. "నోరు మూసుకోవే, సార్లు వాయిస్తున్నరు," అని దాన్ని గదమాయించాడు. మల్లేశం కళ్ళు మూసుకుని కిటికీ ఊచ మీద వేలితో తాళం వేస్తున్నాడు.

ఇంకా కొత్తగా రాసిన రెండు లైన్లకు రాలేదు, స్టేషన్ గదిలో గంట మోగింది. మల్లేశం ఉలిక్కిపడి గదిలోకి పరిగెత్తాడు. గూడ్సు దడదడమంటూ దాటిపోయింది. మా బండి కూత వేసి కదిలింది. అతను మళ్ళీ బయటికి వచ్చి బండి వెంట పరిగెత్తుతూ, "ఆఖరుది ఎట్లున్నది సార్? ఆఖరుది?" అని అరుస్తున్నాడు.

యూసుఫ్ సాబ్ కాగితం నోటితో పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, దాన్ని నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. తలుపులో నిలబడి ఆ రెండు లైన్లూ వాయించారు. ప్లాట్‌ఫారం చివర మల్లేశం ఆగిపోయాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. బండి మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు.

ఆ ఉత్సాహంలో నేను యూసుఫ్ సాబ్‌ను అడిగేశాను. "తాండూరుకు మొదట రానన్నారెందుకు?"

ఆయన క్లారినెట్ తుడుచుకుంటూ మెల్లగా చెప్పారు. బసప్పా తనూ ఒకే వీధి పిల్లలు. ఊళ్ళో పెళ్ళి బ్యాండు ఉస్తాద్ దగ్గర ఇద్దరూ ఒకే క్లారినెట్ మీద నేర్చుకున్నారు. ఒక పూట ఒకరు, ఒక పూట ఒకరు. యూసుఫ్ సాబ్ ఇంట్లో తల్లి లేదు. బసప్ప వాళ్ళ అవ్వే, అంటే అమ్మే, ఇద్దరికీ రొట్టె చేసి పెట్టేది. తర్వాత యూసుఫ్ సాబ్‌కు సైన్యం బ్యాండులో నౌకరీ దొరికింది. బసప్ప రాతి కొట్టంలో చేరాడు.

"పోలీసు యాక్షన్‌కు జర ముందుగాల, గా గడబిడల, బసప్ప వాళ్ళ అన్న చెన్నప్పను సర్కారోళ్ళు పట్టుకపోయిన్రు బేటీ. హైదరాబాద్ జైల్ల ఏసిన్రు. బసప్ప నాకు ఖత్ రాసిండు. ఒక్కపారి పోయి చూడు, బతికున్నడో లేదో ఒక్క ముక్క రాయి, అవ్వ అన్నం ముడుతలేదు అని. జైలు మేముండే ఫౌజు లైన్లకు దూరం కాదు. నేను పోలే."

"ఎందుకని?"

"యూనిఫారం ఏసుకున్నోణ్ణి. నువ్వు వానికేమైతవు అని అడిగితే ఏం చెప్పాలె? భయపడ్డ. రేపు పోత, రేపు పోత అనుకున్న. గింతల అంతా అయిపోయింది. చెన్నప్ప బయటికొచ్చిండు. కానీ గప్పటికే అవ్వ పోయింది. కొడుకు బతికున్నడని తెల్వకుండనే పోయింది."



తాండూరు

తాండూరులో రాయి లేనిది ఏదీ లేదు. అరుగులు రాయి, కప్పులు రాయి, పొలాల చుట్టూ కంచెకు బదులు నిలబెట్టిన రాతి పలకలు, చాయ్ దుకాణంలో బల్లలు రాయి. మా గోదావరి వైపు నేలలో గులకరాయి కనిపిస్తే పిల్లలు దాచుకుంటారు. ఇక్కడ ఒక మనిషి నీలం పలక మీద కూర్చుని, ఇంకో పలక మీద అన్నం పెట్టుకుని తింటున్నాడు. వీధిలో ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం, ఒక మాట ఉర్దూ. ఎవరూ తడుముకోవడం లేదు.

బసప్ప కొట్టం గేటు దగ్గరే ఉన్నాడు. గుండ్రటి మొహం, కనుబొమల మీద రాతి పొడి. మాస్టారికి నమస్కారం పెట్టాడు, నన్ను "రా అమ్మా," అన్నాడు. తర్వాత యూసుఫ్ సాబ్ వైపు చూశాడు.

"వచ్చినవా?"

"వచ్చిన."

అంతే. ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య గౌరమ్మగారు కన్నడం మనిషి. "ఊట మాడ్రి, ఊట మాడ్రి," అంటూ భోజనం వడ్డించారు. వేడి జొన్నరొట్టెలు, కందిపప్పు, పల్లీల పొడి. పుంటికూర అని వడ్డిస్తే చూశాను, అది మా గోంగూర. మేం పచ్చడి చేసి నూనెలో తేలుస్తాం. వీళ్ళు పప్పులో కలిపి వండారు. ఆ కందిపప్పు రుచికి మాస్టారు మాట్లాడడం మానేసి తిన్నారు. యూసుఫ్ సాబ్ మాత్రం ఒక్క రొట్టె చేతిలో పట్టుకుని, గోడ వారన పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నారు. తినలేదు, వద్దనలేదు.

మధ్యాహ్నం కొట్టం పక్క గదిలో సాధన. బసప్ప వరసను తన పద్ధతిలో సరిగమలతో, కన్నడ అక్షరాల్లో రాసి పంపితే, మాస్టారు మాకు తిరగరాసి ఇచ్చారు. ముగ్గురం కూర్చున్నాం. బసప్ప ఎదురుగా రాతి దిమ్మ మీద. ఆ వరస నడుమ క్లారినెట్ ఒంటరిగా చాలా దూరం పోవాలి. మేమిద్దరం ఆగిపోతాం, అదొక్కటే సాగుతుంది. యూసుఫ్ సాబ్ సగం దారిలో ఊపిరి తీసుకున్నారు.

"గాడ తీసుకోవద్దు," అన్నాడు బసప్ప.

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తెగింది.

"గాడ తెగొద్దు అంటున్న గదా."

"గంత ఊపిరి లేదు నాకిప్పుడు."

"ఉండె గదా."

"ఉండె. గప్పుడు ఉండె."

వాళ్ళిద్దరూ ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలోంచి పోయి, ఉర్దూలో ముగిస్తున్నారు. నాకు అందినంత ఇలా రాస్తున్నాను. మూడోసారి కూడా తెగింది. బసప్ప లేచి నిలబడ్డాడు.

"మరి ఎవరి కోసం రాసిననుకున్నవ్? హైదరాబాద్ల క్లారినెట్ అంటే నాకు ఎరుకైనోడు ఒక్కడే. గా పొద్దు గల్లీ ఆ కొస నుంచి గీ కొస దాక ఒక్క ఊపిరిల వాయించుకుంట పోయెటోనివి. అవ్వ వాకిట్ల నిలబడి చూస్తుండె. గది మనసుల పెట్టుకొనే రాసిన."

యూసుఫ్ సాబ్ క్లారినెట్ ఒళ్ళో పెట్టుకున్నారు. "బసప్పా. నీ ఖత్ వచ్చింది."

మాస్టారు నా వైపు చూశారు. లేచిపోదామా అన్నట్టు. కానీ చెల్లోతో లేవడం అంత తేలిక కాదు. అక్కడే కూర్చున్నాం.

"వచ్చిందని నాకెరుకే," అన్నాడు బసప్ప. "వాపస్ రాలేదు గదా."

"భయపడ్డ. పోలే."

"గది నేను సమజ్ చేసుకోలేదా? యూనిఫారం ఏసుకున్నోడు ఎట్ల పోతడు? పోకపోతివి. కానీ గడబిడ అంతా అయినంక కూడ రాకపోతివి గదరా! అవ్వ పోయినప్పుడు రాకపోతివి. నాకు కోపం గందుకు. చెన్నప్ప కోసం కాదు."

యూసుఫ్ సాబ్ తల వంచుకున్నారు. బసప్ప, "పనోళ్ళ పని ఇంక అయిపోలేదు. చూస్త," అని బయటికి వెళ్ళిపోయాడు. వాయిస్తామో లేదో మాకు తెలియలేదు. మాస్టారు చెల్లో మీద చెయ్యి వేసి, "ఇంకో గంట ఉంది, నోరు తడుపుకో యూసుఫ్," అని మాత్రం అన్నారు.

రాతి కొట్టంలో

సాయంత్రం నాలుగున్నరకు రాళ్ళు కోసే మిషన్లు ఆపేశారు. అప్పటిదాకా ఆ ఊరికి అంత నిశ్శబ్దం ఉంటుందని అనుకోలేదు. పనివాళ్ళు తెల్లటి పొడితోనే వచ్చి పలకల మీద కూర్చున్నారు. వీధిలో నుంచి ఆడవాళ్ళు, ఊళ్ళో దుకాణాల వాళ్ళు, అందరూ కలిసి వందమంది దాకా ఉంటారు. పైన రాతి కప్పు. మాస్టారు చెల్లో తీగ ఒక్కటి మీటి, పైకి చూసి, "ఓహో!" అన్నారు. ధ్వని కప్పు దాకా పోయి గుండ్రంగా తిరిగి వస్తోంది. హైదరాబాదులో ఏ హాల్లోనూ మా వాద్యాలు అలా పలకలేదు.

ముందు రత్నమ్మగారి వరస వాయించాం. ఖాళీలు ఎందుకున్నాయో మాస్టారు ముందే చెప్పారు. అది విన్నాక ఆ ఖాళీల్లో ఎవరూ కదలలేదు. తర్వాత మల్లేశానిది. తంతి మీట దెబ్బకు పనివాళ్ళు ఉలితో చప్పుడు చేసి నవ్వారు. అప్పటికీ బసప్ప కనిపించలేదు. మాస్టారు మూడో కాగితం తీసి స్టాండు మీద పెట్టి, ఏం చెయ్యాలన్నట్టు యూసుఫ్ సాబ్‌ను చూశారు.

అప్పుడు జనం మధ్యలోంచి బసప్ప వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు, కనుబొమలు కడుక్కున్నాడు. తిన్నగా యూసుఫ్ సాబ్ దగ్గరికి వచ్చి, మాస్టారి పెన్సిలు తీసుకుని, క్లారినెట్ కాగితం మీద వంగి, ఒక చోట చిన్న గీత పెట్టాడు. ఊపిరి తీసుకోమని పెట్టే గుర్తు. ఏ చోట వద్దన్నాడో ఆ చోటే.

"గాడ తీసుకో," అన్నాడు. "ఏం కాదు."

వెళ్ళి ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు.

వాయించాం. ఆ వరస గురించి రాయడం నా వల్ల కాదు. పొద్దున పూట వీధి ఎలా మొదలవుతుందో అలా మొదలవుతుంది. ఫిడేలూ చెల్లో రెండు ఇళ్ళలోంచి పలకరించుకున్నట్టు ఉంటాయి. తర్వాత మేమిద్దరం ఆగిపోయాం. క్లారినెట్ ఒక్కటే సాగింది. గీత దగ్గర యూసుఫ్ సాబ్ ఊపిరి పీల్చుకున్నారు. ఆ శబ్దం కూడా కప్పు దాకా పోయింది. బసప్ప మూసుకున్న కళ్ళు తెరవలేదు. క్లారినెట్ మళ్ళీ అందుకుని చివరిదాకా పోయింది.

అయిపోయాక చప్పట్లు రాలేదు. అలవాటు లేని సంగీతం, అయిపోయిందని తెలియలేదు. చివరికి ఒక ముసలి రాళ్ళపని మేస్త్రి, "మల్ల ఒకపారి వాయించుండ్రి," అన్నాడు. మళ్ళీ వాయించాం.

తిరుగు ప్రయాణం

మరునాడు పొద్దున ముగ్గురం స్టేషన్‌కు వచ్చాం. బసప్ప చిన్న సంచిలో కందిపప్పు కట్టించి తెచ్చాడు. బండి కనిపిస్తుండగా యూసుఫ్ సాబ్‌తో అన్నాడు. "చెన్నప్ప రేపు సంతకు వస్తడు. ఇప్పుడు ఊర్లె ఎవుసం చేసుకుంటున్నడు. నాతోని చెప్పింది గాదు, ఆయనతోని చెప్పుకో."

 యూసుఫ్ సాబ్ తన సంచి నేల మీద పెట్టారు. "సార్, మీరు పోండ్రి," అన్నారు మాస్టారితో. బండి కదులుతుంటే ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు.  ధారూరులో మల్లేశం కిటికీ దగ్గరికి వచ్చి, క్లారినెట్ సార్ ఏడని కంగారు పడ్డాడు. చుట్టాల దగ్గర ఆగారని మాస్టారు చెప్పారు.

రెండు ఆదివారాలు యూసుఫ్ సాబ్ రాలేదు. మూడో ఆదివారం వచ్చారు. మాస్టారి వరండాలో చెప్పులు విడిచి, నా పక్కన కూర్చుని, అడగకముందే చెప్పారు.

"చెన్నప్ప కాడికి పోయిన బేటీ. సంతల ఎడ్ల నడుమ నిలబడి ఉండె. అంతా చెప్పిన. ఖత్ వచ్చిందని, పోలేదని, అవ్వ సంగతి, అంతా. కొడతడనుకున్న. తిడతడనుకున్న."

"ఏమన్నారు?"

"నా దిక్కు చూసిండు. ఒక్కటే అడిగిండు. జైల్ల ఉన్నప్పుడు పొద్దుగూకంగ గోడ అవతల మీ లైన్లకెళ్ళి బ్యాండ్ ఇనబడేది, గా బ్యాండుల క్లారినెట్ నువ్వేనా అని. నేనేనని చెప్పిన. గట్లనే అనుకున్న అన్నడు. రోజు గోడకు చెవి పెట్టి ఇనేటోణ్ణి, యూసుఫ్ గాడు బతికే ఉన్నడు, ఫికర్ లేదు అనుకునేటోణ్ణి, అన్నడు."

యూసుఫ్ సాబ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. మాస్టారు లోపలి నుంచి చెల్లో తీసుకుని వచ్చి, మా ఇద్దర్నీ చూసి, ఏమీ అడగకుండా, ఆయన చేతులు దించేదాకా నిలబడే ఉన్నారు.